ఒక్క ఎత్తు తీరిక

1883లో లండన్‌లో పెద్ద చదరంగం టోర్నమెంటు ఒకటి జరిగింది. యూరప్‌లోని హేమాహేమీలంతా అందులో తలపడుతుంటే, ఇంకా పేరు రాని ఆటగాళ్ల కోసం పక్కనే మరో పోటీ పెట్టారు. దాని పేరు విజయనగరం టోర్నమెంటు. పేరు కలిసిన మరో ఊరేదో కాదు, మన విజయనగరమే. అప్పుడు గద్దె మీద ఉన్నది పూసపాటి ఆనందగజపతి రాజుగారు, గురజాడ చేత 'కన్యాశుల్కం' అంకితం పొందిన మహారాజు. సంగీతానికీ సాహిత్యానికీ ధారాళంగా ఇచ్చిన ఆ సంస్థానం పేరు, సముద్రాల అవతల చదరంగపు బల్లల మీద కూడా పలికింది. ఆ పోటీలో 26 మంది ఆడారు. గెలిచినవాడు బెర్లిన్ నుంచి వచ్చిన 22 ఏళ్ల యువకుడు, కర్ట్ ఫాన్ బార్డెలెబెన్. 25 ఆటల్లో 21½ పాయింట్లు. మన ఊరి పేరుతో పైకొచ్చినవాడు.

కానీ చదరంగం లోకం అతన్ని గుర్తుపెట్టుకున్నది ఆ గెలుపుకి కాదు. పన్నెండేళ్ల తర్వాత, 1895 ఆగస్టు 17న, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌లో ఓడిన ఒక్క ఆటకి గుర్తుపెట్టుకుంది. అదైనా ఆట కోసమే అయితే బాగుండేది. ఆట మధ్యలో లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా హాలు దాటి వెళ్లిపోయినందుకు గుర్తుపెట్టుకుంది. నూటముప్పై ఏళ్లుగా ఆ పుస్తకం నుంచి ఈ పుస్తకానికి అతని వీపే కనిపిస్తూ వస్తోంది.

ఇక్కడ గడియారం సంగతి ఒకటి చెప్పాలి. జంట గడియారాలు మొదటిసారి టోర్నమెంటు బల్లల మీదికి వచ్చింది కూడా 1883 లండన్‌లోనే. తూగుడు బల్ల లాంటి ఒక కమ్మీకి రెండు చివరలా రెండు గడియారాలు. ఒకటి నడుస్తుంటే రెండోది ఆగి ఉంటుంది. ఎత్తు వేసి కమ్మీని వాల్చగానే నీ కాలం ఆగి ఎదుటివాడి కాలం మొదలవుతుంది. అంతకుముందు కొన్ని పందాల్లో ఇసుక గడియారాలు వాడారు. అంతకన్నా ముందు అదీ లేదు, ఓడిపోయే స్థితిలో ఉన్నవాడు గంటల తరబడి కదలకుండా కూర్చుని ఎదుటివాడి ఓపిక పరీక్షించేవాడు. గడియారం వచ్చాక ఆలోచనకి వెల పడింది. బార్డెలెబెన్ పేరూ, ఆ గడియారమూ ఒకే ఊళ్లో, ఒకే టోర్నమెంటు నీడన పుట్టాయి. ఆ రెండూ మళ్లీ హేస్టింగ్స్‌లో ఒకే బల్ల దగ్గర కలుసుకున్నాయి.

ఈ ఆటను నాకు మొదట చూపించింది మా మావయ్య. ఆయన దగ్గర చెక్క బోర్డు ఒకటి ఉండేది, అంచులు అరిగి, నల్ల గళ్ల రంగు వెలిసి, ఏది నలుపో ఏది తెలుపో దీపం వెలుగులో తడుముకోవాల్సినట్టు. నల్ల ఏనుగుల్లో ఒకటి ఎప్పుడో పోయింది. దాని బదులు అత్తయ్య కుట్టుమిషను దగ్గరి ఖాళీ దారం రీలు పెట్టేవాళ్లం. ఎత్తులు ఒక నోటుపుస్తకంలో ఆకుపచ్చ సిరాతో రాసుకున్నాడు. ఆడేముందు బోర్డు తిప్పి నల్లవైపు నా ముందు పెట్టేవాడు. "తెల్లవైపు నుంచి అందరూ చూస్తారు నాన్నా, నువ్వు ఇటు కూర్చుని చూడు" అనేవాడు. నేను ఇవాళ్టికీ ఆ ఆటను నల్లవైపు నుంచే చూస్తాను.

తెల్లవైపు కూర్చున్న మనిషి విల్హెల్మ్ స్టైనిట్జ్. ప్రాగ్ యూదుల పేటలో దర్జీ ఇంట పుట్టి, వియన్నాలో చదువు మధ్యలో వదిలేసి, చదరంగాన్నే బతుకుతెరువు చేసుకున్నవాడు. 1886లో జూకర్‌టోర్ట్‌ని ఓడించి మొదటి ప్రపంచ చాంపియన్ అనిపించుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు కత్తి దూసినట్టు ఆడేవాడు. తర్వాత తన ఆటను తానే ప్రశ్నించుకున్నాడు. దాడి అనేది మనసు పుట్టినప్పుడు చేసేది కాదు, చిన్న చిన్న అనుకూలాలు ఒక్కొక్కటీ కూడబెట్టాకే దానికి హక్కు వస్తుంది అన్నాడు. చదరంగానికి ఒక శాస్త్రం ఉందని మొదట నమ్మినవాడు ఆయనే. నమ్మినందుకు చాలా మాటలు పడ్డాడు, తిరిగి చాలా మాటలన్నాడు, స్నేహితుల కన్నా శత్రువులనే ఎక్కువ సంపాదించుకున్నాడు.

హేస్టింగ్స్ నాటికి ఆయనకు 59 ఏళ్లు. కిందటి ఏడాదే లాస్కర్ అనే పాతికేళ్ల జర్మన్ చేతిలో పది ఆటలు ఓడి, అయిదే గెలిచి, కిరీటం పోగొట్టుకున్నాడు. అంతకుముందే ఇంట్లో చీకటి పడింది. కూతురు ఫ్లోరా 1888లో పోయింది, భార్య 1892లో. చేతిలో డబ్బు ఎప్పుడూ నిలిచింది లేదు. గడ్డం నెరిసి, పొట్టిగా, కుంటుతూ నడిచే ఆ పెద్దాయన హేస్టింగ్స్‌కి వచ్చేసరికి, ఈయన ఆట అయిపోయిందని అనుకున్నవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ బల్లకు రెండువైపులా పతనంలో ఉన్న మనుషులే కూర్చున్నారు. ఒకరికి ఆ సంగతి తెలుసు. రెండోవారికి తెలియడానికి ఇంకా రెండు మూడు గంటలు పట్టింది.

హేస్టింగ్స్ టోర్నమెంటులో 22 మంది. ప్రతివాడూ మిగతా అందరితోనూ ఆడాలి, అంటే మనిషికి 21 ఆటలు. ఆగస్టు 5 నుంచి సెప్టెంబరు 2 దాకా బ్రాసీ ఇన్‌స్టిట్యూట్ భవనంలో జరిగింది. లాస్కర్, చిగోరిన్, టారాష్, బ్లాక్‌బర్న్, ష్లెక్టర్... అంతమంది గొప్పవాళ్లు ఒక్కచోట చేరడం అదే మొదటిసారి అనిపించేంత సభ. పదో రౌండులో స్టైనిట్జ్‌కు ఎదురు బార్డెలెబెన్. అప్పటికి అతను ముందు వరసలో ఉన్నాడు, నిబ్బరంగా, తొందరపడకుండా ఆడుతున్నాడు. కులీన కుటుంబం, న్యాయశాస్త్రం చదివిన మనిషి, చదరంగం తప్ప మరో వృత్తి పెట్టుకోనివాడు. ఆట ఆరంభాల మీద మంచి పట్టున్నవాడని పేరు.

ఆరంభం అంటే ఆ రోజుది చదరంగంలో చాలా పాతది. ఇటాలియన్లు దాన్ని జువోకో పియానో అంటారు, నెమ్మదైన ఆట అని అర్థం. పదిహేడో శతాబ్దపు ఇటలీ ఆటగాడు గ్రెకో నాటి నుంచీ పుస్తకాల్లో ఉన్నది. ఇద్దరూ రాజు ముందరి బంటును రెండేసి గళ్లు నడిపిస్తారు. గుర్రాలు దూకుతాయి. తర్వాత ఇద్దరి శకట్లూ, అంటే బిషప్పులు, ఏటవాలుగా వచ్చి నిలబడతాయి. తెల్ల శకటు చూపంతా నల్లరాజు పక్కనున్న బంటు మీద. ఆ బంటును మొదట్లో రాజు తప్ప ఇంకెవరూ కాయరు. పేరుకి నెమ్మదే కానీ, మధ్య బంట్లు ఒక్కసారి ఢీకొన్నాయంటే ఆ నెమ్మది వాకిలి దాటదు.

స్టైనిట్జ్ నాలుగో ఎత్తులో పక్క బంటును ఒక గడి జరిపి, అయిదో ఎత్తులో మధ్యలోకి ఇంకో బంటును తోశాడు. బంట్లు మారాయి. బార్డెలెబెన్ శకటుతో చెక్ చెప్పాడు. ఏడో ఎత్తుకు స్టైనిట్జ్ గుర్రాన్ని అడ్డుపెట్టాడు. అలా పెట్టడంలో మధ్య బంటును ఉచితంగా వదిలేస్తున్నట్టు లెక్క. తీసుకుంటావా అన్న ప్రశ్న అది. బార్డెలెబెన్ తీసుకోలేదు, తన మధ్య బంటును ముందుకి తోసి ఎదురు కొట్టాడు. తీసుకోవడమే సరైనదని తర్వాత రోజుల విశ్లేషణ తేల్చింది. జాగ్రత్త పడ్డందుకు నష్టపోయిన ఆట ఇది, అత్యాశకు పోయి కాదు. చదరంగంలో అత్యాశకు శిక్ష పడినప్పుడు చూసేవాళ్లకు న్యాయం జరిగినట్టుంటుంది. ఇక్కడ ఆ ఊరట లేదు.

తర్వాత వరసగా పావులు మారాయి. శకటుకు గుర్రం, గుర్రానికి శకటు. పదమూడో ఎత్తు అయ్యేసరికి బోర్డు సగం ఖాళీ. పక్క నుంచి చూసేవాడు డ్రా అని లేచిపోయేలాంటి స్థితి. పావుల లెక్క సమానం. నల్లమంత్రి బోర్డు నడుమ దర్జాగా ఉంది. ఒక్కటే లోపం, నల్లరాజు ఇంకా కోట కట్టుకోలేదు.

పద్నాలుగో ఎత్తులో స్టైనిట్జ్ ఏనుగును రాజుకు ఎదురుగా ఉన్న నిలువు వరసలోకి తెచ్చాడు. ఆ వరస తెరిచి ఉంది. నల్లరాజుకీ ఆ ఏనుగుకీ మధ్య ఒక్క గుర్రం. రాజు పక్కకు వెళ్లి కోట కట్టుకుంటే ఆ గుర్రం పోతుంది. గుర్రాన్ని కాయాలంటే రాజు అక్కడే ఉండాలి. ఇల్లు కాలుతుంటే పసిబిడ్డను వదిలి బయటపడలేని తల్లి లాంటి స్థితి అది. బార్డెలెబెన్ తెలివిగానే ఆలోచించాడు. రాజు పక్కనున్న బంటును ఒక గడి జరిపి, రాజు నడిచి వెళ్లడానికి దారి చేసుకున్నాడు. కోట కట్టుకోవడమైతే ఒక్క ఎత్తులో అయ్యేది, కాలినడకన రెండు ఎత్తులు. ఒకటి అయింది, ఇంకొకటి చాలు.

అదే ఇక దొరకలేదు.

పదహారో ఎత్తులో స్టైనిట్జ్ రెండో ఏనుగును కూడా సగం తెరిచిన ఇంకో వరసకు తెచ్చాడు. అప్పుడైనా నల్లరాజు ఒక్క అడుగు వేసి ఉంటే నిలిచేది. బార్డెలెబెన్ ఒక బంటును జరిపాడు, మధ్య గడిని కాపాడుకుందామని. మంచి ఇల్లాలు తాళం వేసినట్టు, చాలా మామూలుగా, చాలా సబబుగా కనిపించే ఎత్తు. మావయ్య ఇక్కడ ప్రతిసారీ ఆగేవాడు. "ఇప్పుడేం చేస్తావు చెప్పు" అని నన్ను అడిగేవాడు. నేను పదిసార్లు చూసిన ఆటే అయినా ప్రతిసారీ ఆ బంటునే జరిపేవాణ్ని. వేలు దానంతటదే అటు వెళ్లేది.

పదిహేడో ఎత్తు: స్టైనిట్జ్ తన మధ్య బంటును ఎదురుగా తోసి చంపుకున్నాడు. ఊరికే కాదు. ఆ బంటు నిలబడ్డ గడి ఆయనకు ఖాళీగా కావాలి, గుర్రానికి మెట్టుగా. పద్దెనిమిదిలో గుర్రం ఆ గడిలోకి, పందొమ్మిదిలో అక్కడి నుంచి నల్లవాళ్ల గుండెల మీదికి. మధ్యలో నల్లరాజు ఎట్టకేలకు ఆ ఒక్క అడుగూ వేశాడు, కానీ అప్పటికి ఆ అడుగు విలువ మారిపోయింది. ఇరవైలో తెల్లమంత్రి బయలుదేరింది. ఇరవై ఒకటిలో గుర్రం చెక్ చెబుతూ పక్కకు తొలిగింది. తొలగ్గానే మంత్రి చూపు నేరుగా నల్లమంత్రి మీద పడింది. గుర్రాన్ని చంపితే మంత్రి పోతుంది. రాజు వెనక్కి, బయలుదేరిన చోటికే, తన మంత్రిని కాచుకోవడానికి వచ్చి నిలబడ్డాడు.

ఇప్పుడు స్టైనిట్జ్ ఇరవైరెండో ఎత్తు. ఏనుగు వచ్చి రాజు ఎదుటి గుర్రాన్ని చంపి, అక్కడే నిలబడింది. చెక్.

ఈ స్థితి దగ్గర కాసేపు నిలబడాలి. ఏనుగు రాజుకు చెయ్యి చాచినంత దూరంలో ఉంది, పక్కన తోడు లేదు. రాజు చంపొచ్చు, మంత్రి చంపొచ్చు. రాజు చంపితే రెండో ఏనుగు అదే వరసలోకి వచ్చి చెక్ చెబుతుంది, ఆ తర్వాత రాజు బోర్డు నడుమ దిక్కులేనివాడవుతాడు. మంత్రి చంపితే వెనకనున్న నల్ల ఏనుగుకు కాపు తప్పి, అది చెక్‌తో పోయి, ఒక గుర్రం తక్కువై ఆట అక్కడితో సరి. బార్డెలెబెన్ రెండూ చేయలేదు. రాజును మెల్లగా పక్క గడికి జరిపాడు. ఆ రోజు బోర్డు మీద అంతకన్నా అందమైన రక్షణ ఎత్తు లేదు. దాన్ని ఎవరూ మెచ్చుకోరు, ఆట తెల్లవాళ్లది కాబట్టి.

ఎందుకంటే ఇప్పుడు చూడండి. తెల్లమంత్రి నల్లమంత్రి వాతన ఉంది. ముందరి ఏనుగు రాజు వాతనా, మంత్రి వాతనా ఉంది. గుర్రం బంటు వాతన ఉంది. వెనక వరసలో కాపలా ఉన్న రెండో ఏనుగు మీద నల్ల ఏనుగు కన్ను ఉంది, మావయ్య బోర్డు మీద దారం రీలు. తెల్లవాళ్లకు మిగిలిన నాలుగు పెద్ద పావులూ ఒకేసారి గాలిలో వేలాడుతున్నాయి. అంతే కాదు, ఆ రీలు వెళ్లి వెనక ఏనుగును చంపిందంటే తెల్లరాజుకే ఆటకట్టు. బార్డెలెబెన్‌కు కావాల్సిందల్లా చెక్ లేని ఒక్క ఎత్తు. ఒకే ఒక్క ఎత్తు తీరిక. అది దొరికితే ఓడుతున్న మనిషి గెలుస్తాడు. స్టైనిట్జ్‌కు ఆ సంగతి తెలుసు, కాబట్టి ఇక ఆయన వేసే ప్రతి ఎత్తూ చెక్ కావాలి.

ఇరవైమూడు: అదే ఏనుగు పక్క గడికి. చెక్. రాజు చంపలేడు, గుర్రం కాపు ఉంది. మంత్రి చంపితే మళ్లీ వెనక ఏనుగు గండం. రాజు ఇంకో గడి పక్కకు. ఇరవైనాలుగు: ఏనుగు మళ్లీ రాజు పక్కకే. చెక్. ఈసారి రాజు చంపొచ్చు, చంపితే మంత్రి పోతుంది, అదీ చెక్‌తో. రాజు మూలకి. ఇరవైఅయిదు: ఏనుగు మూల బంటును చంపి రాజు ఒంటి మీదికి. చెక్.

మూడుసార్లు ఏనుగు రాజు గుమ్మం ముందు నిలబడి నన్ను చంపు అంది. మూడుసార్లూ చంపలేకపోయాడు. నల్లవైపు కూర్చుని ఈ మూడు ఎత్తులూ జరిపినవాడికే తెలుస్తుంది ఆ ఏనుగు బరువు. చెయ్యి దాని మీదికి వెళ్తుంది, వెనక్కి వస్తుంది. మళ్లీ వెళ్తుంది, వెనక్కి వస్తుంది. రాజు గడి గడికీ పక్కకు తప్పుకుంటూ మూల గోడకు ఆనాడు. అతని చుట్టూ అతని మంత్రి ఉంది, రెండు ఏనుగులూ ఉన్నాయి, బంట్లున్నాయి. మిగిలిన సైన్యమంతా బతికే ఉంది. ఎవరూ ఏమీ చేయలేరు.

ఇరవైఅయిదో ఎత్తు చూసి బార్డెలెబెన్ లేచాడు. బోర్డు మీద రాజును పడుకోబెట్టలేదు. ఎదుటివాడికి చెయ్యి ఇవ్వలేదు. ఓడిపోయాను అనలేదు. గడియారం నడుస్తుండగానే హాలు బయటికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అతని కాలం అయిపోయేదాకా ఆ గడియారం ఎవరూ లేని కుర్చీకి ఎదురుగా టిక్కు టిక్కుమంటూ నడిచింది. కాలం తీరాక ఆట స్టైనిట్జ్‌దని రాశారు.

అది మర్యాద కాదు. ఓడినప్పుడు నోరు తెరిచి ఒప్పుకోవడం ఈ ఆటకు ప్రాణం లాంటి ఆచారం, అందులో వాదన లేదు. కానీ పిరికితనం, కుళ్లుబోతుతనం అని రాసినవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ మనిషి అప్పటికే అంతా చూశాడు. ఇరవైరెండో ఎత్తు దగ్గర ఆ రక్షణ కనిపెట్టగలిగినవాడికి తర్వాత ఏం రాబోతోందో కనిపించదా? ముందున్నది పది ఎత్తుల ఆటకట్టు. ప్రతి ఎత్తూ చెక్, దేనికీ వేరే దారి లేదు. ఆ పదీ అతను తలలో నడిచి వచ్చేశాడు. తలలో ఒకసారి చచ్చినవాణ్ని, జనం చుట్టూ నిలబడి చూస్తుండగా కుర్చీలో కూర్చుని మళ్లీ చావమనడం నాకు సబబుగా తోచదు. గడియారంలో అతనికి ఇంకా కాలం ఉంది. బోర్డు మీద ఒక్క ఎత్తు తీరిక లేదు. ఆ రెంటి మధ్యా ఇరుక్కుని లేచిపోయాడు.

కాలం తీరాక స్టైనిట్జ్ చుట్టూ చేరినవాళ్లకు మిగతాది చూపించాడు. ఏనుగు మళ్లీ పక్కకు, రాజు మళ్లీ మూలకు. అప్పుడు మంత్రి మూల వరసకు దిగి చెక్. ఇప్పటిదాకా చంపలేని ఏనుగును రాజు ఇప్పుడు చంపక తప్పదు. చంపగానే మంత్రి అతన్ని తరుముతుంది, మూల నుంచి ఆ చివరి వరసలన్నీ తిప్పుతూ, కోట కట్టుకోలేకపోయిన నడుమ గళ్ల దాకా. ముప్పైఅయిదో ఎత్తులో ఆటకట్టు, సరిగ్గా రాజు బయలుదేరిన గడి పక్కన. ఆ హాల్లో ఒక ముసలాయన ఎవరూ లేని కుర్చీకి ఎదురుగా, రెండువైపుల పావులూ తనే జరుపుతూ జీవితంలోకెల్లా అందమైన ఆటను ముగించుకున్నాడు. ఆ ఆటకు టోర్నమెంటులో అందమైన ఆట బహుమతి ఆయనకే ఇచ్చారు.

అది ఆయనకు ఆఖరి గొప్ప వెలుగు. హేస్టింగ్స్‌లో అయిదో స్థానం దొరికింది. మొదటి స్థానం అమెరికా నుంచి వచ్చిన 22 ఏళ్ల పిల్స్‌బరీకి పోయింది, ఆ కుర్రాడు కూడా 33 ఏళ్లకే కన్నుమూశాడు. స్టైనిట్జ్ కిరీటం తిరిగి తెచ్చుకుందామని 1896 చివర్లో మాస్కో వెళ్లి లాస్కర్‌తో మళ్లీ తలపడ్డాడు. రెండు ఆటలు గెలిచి పది ఓడాడు. ఆ చలిలో, ఆ ఓటమిలో మతి చలించింది. అక్కడే మానసిక వైద్యశాలలో కొన్ని వారాలు ఉన్నాడు. చనిపోయాడని పత్రికల్లో వచ్చింది కూడా. బతికి బయటికొచ్చి మళ్లీ ఆడాడు. 1899 లండన్‌లో ఒక్క బహుమతీ రాలేదు. దేవుడికి ఒక బంటు వదిలేసి ఆడతానన్నాడని ఆయన మీద ఒక కథ పుట్టించారు, అందుకు ఆధారం లేదు. ఇక మాట్లాడలేని మనిషి నోట్లో ఎవరైనా ఏ మాటైనా పెట్టొచ్చు కదా. 1900 ఆగస్టు 12న న్యూయార్క్ దగ్గర వార్డ్స్ ద్వీపంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పోయాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. వెనక రెండో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. బ్రూక్లిన్ శ్మశానంలో పడుకున్నాడు.

ఎప్పుడో మన రాయలవారితో చదరంగం ఆడి బొడ్డుచర్ల తిమ్మన కొప్పోలు గ్రామం పొందాడని చాటువు చెబుతుంది. ప్రపంచ చాంపియన్‌కు ఏ ఊరూ దక్కలేదు.

బార్డెలెబెన్ ఆ టోర్నమెంటు చివరికి 11½ పాయింట్లతో ఏడు, ఎనిమిది స్థానాలను టైక్‌మన్‌తో పంచుకున్నాడు. ముందు వరసలో ఉన్నవాడు జారిపోయాడు. ఒక్క ఓటమికి అంత జరుగుతుందా అంటే జరుగుతుంది. కొన్ని ఓటములు ఆ రోజుతో అయిపోవు, మర్నాడు పొద్దున్నే లేచి మన పక్కనే కూర్చుంటాయి. తర్వాత పాతికేళ్లకు పైగా అతను ఆడుతూనే ఉన్నాడు, ఆరంభాల మీద రాస్తూనే ఉన్నాడు. పేరు పెరగలేదు. అతని గురించి చెప్పుకోవాల్సి వస్తే జనం ఆ లేచిపోవడమే చెప్పారు.

1924 జనవరి 31న బెర్లిన్‌లో కిటికీ నుంచి పడి చనిపోయాడు. 62 ఏళ్లు. తనే దూకాడని కొందరు, జారిపడ్డాడని కొందరు. అప్పటికి కొన్ని వారాల ముందే జర్మనీలో ఒక రొట్టెకు వేల కోట్ల మార్కులు లెక్కపెట్టి ఇచ్చారు, కూడబెట్టుకున్నది ఏదైనా చిత్తుకాగితమైపోయింది. అలాంటి చలికాలంలో చదరంగం తప్ప వేరే ఆధారం లేని ముసలివాడికి ఏం మిగిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ రోజుల్లో బెర్లిన్‌లోనే బతికిన రష్యన్ ప్రవాస రచయిత నబకోవ్ కొన్నేళ్ల తర్వాత లూజిన్ అనే చదరంగం ఆటగాడి మీద నవల రాశాడు. లూజిన్ కూడా ఆట మధ్యలో లేచిపోతాడు, కిటికీ దగ్గరే ముగుస్తాడు. బార్డెలెబెన్ కథే దానికి మూలమని చెబుతారు.

మావయ్య ఆ పది ఎత్తులూ నాకు ఎప్పుడూ చూపించలేదు. నోటుపుస్తకంలో ఆకుపచ్చ సిరా ఇరవైఅయిదు దగ్గరే ఆగిపోయేది. అవి నేను పెద్దయ్యాక వేరే పుస్తకంలో చూసుకున్నాను. ఆయన ఇరవైఅయిదో ఎత్తు వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బోర్డు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. నేనూ చూసేవాణ్ని. మూలగడిలో నల్లరాజు. అతని ఒంటికి ఆనుకుని తెల్ల ఏనుగు. దూరంగా దారం రీలు ఆ నిలువు వరసంతా దాటి తెల్లవాళ్ల వెనక ఏనుగు వైపు అలాగే చూస్తూ ఉండేది, మధ్యలో ఒక్క పావు కూడా అడ్డం లేదు. వంతు నల్లవాళ్లదే.